తొమ్మిది వందల పన్నెండు చుట్లు

ఏడుకొండలు సైకిలు షాపులో దొరకని వస్తువు ఒకే ఒక్కటి. అది బెల్లు. ట్యూబు కావాలన్నా, చెయిను కావాలన్నా, ఎప్పుడో మూతబడ్డ కంపెనీ పెడలు కావాలన్నా ఆ తాటాకు పందిరి కింద వెతికితే ఏదో ఒక డబ్బాలో దొరికేది. బెల్లు మాత్రం లేదు. ఎవరైనా అడిగితే, "నీకు గొంతు లేదేంటి? తప్పుకోమని కేకెయ్" అనేవాడు పెద్దాయన. పొరుగూరి వాళ్ళు ఆ మాటకి నవ్వుకునేవారు. పొన్నరేవు వాళ్ళు నవ్వేవారు కాదు, కారణం వాళ్ళకి తెలుసు.

డెబ్భై అయిదేళ్ళ కిందట పొన్నరేవు లాకుల దగ్గర ఒక కంచుగంట ఉండేది. ఒక్క దెబ్బ కొడితే కాలువలోకి నీళ్ళు వదులుతున్నారని, దిగినవాళ్ళంతా పైకి రావాలని అర్థం. వరసగా మూడు దెబ్బలు కొడితే మనిషెవరో నీళ్ళలో చిక్కుకున్నాడని, షట్టర్లు దించేయాలని అర్థం. ఆ గంటకి కాపలా లస్కరు పోలయ్య. కాలువ గట్టు కాచే పని ఆయనది. ఒక వేసవిలో ఉన్నట్టుండి గంట మాయమైంది. పోలయ్యే అమ్ముకున్నాడని ఊరి మునసబు చాటింపు వేయించాడు. పోలయ్య నోరు విప్పలేదు. ఇంజనీరు దొర సెలవు నుంచి వచ్చాక ఆయనతోనే చెబుతానన్నాడు. దొర రాకముందే గోదావరికి వరదొచ్చింది. గట్టుకి గండి పడితే దాన్ని పూడుస్తూ పోలయ్య కొట్టుకుపోయాడు. గండి పూడింది, ఊరు నిలిచింది, పోలయ్య దొంగ అన్న మాట కూడా అలాగే నిలిచిపోయింది. అప్పటికి కొడుకు ఏడుకొండలుకి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఎనభై నాలుగు. ఆ ఇంటిని నేటికీ 'గంటదొంగోళ్ళ ఇల్లు' అనే అంటారు. పెళ్ళి పిలుపులకి వచ్చేవాళ్ళు కూడా దారి అడగడానికి అదే గుర్తు చెబుతారు.

తండ్రి గుర్తుగా ఏడుకొండలుకి మిగిలింది ఒక నల్ల సైకిలు. ఎవరో దొర వాడి వదిలేసిన ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల బండి. దాని టైర్లు మార్చాడు, చెయినుకి ఏటా నూనె పెట్టాడు గానీ సీటు కింద నట్టు మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు. "అది మా నాన్న బిగించిన నట్టు. నేను విప్పను" అనేవాడు. నాలుగూళ్ళ సైకిళ్ళ కడుపులో ఏముందో తెలిసిన మనిషికి తన ఇంటి సైకిలు కడుపులో ఏముందో తెలియదు.

ఆ మే నెలాఖరున ఒక ఉదయం ఆయన కూతురు మంగాయమ్మని పిలిచాడు. మంగాయమ్మకి యాభై రెండు. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక షాపు నడిపేది ఆవిడే.

"మంగా, ఆ సీటు నట్టు విప్పమ్మా. నేను పోయాక ఏ పాతసామానోడో విప్పేకంటే నువ్వు విప్పడం నయం."

మంగాయమ్మ పానా అందుకుంది. కిరసనాయిలు పోసి, సుత్తితో నాలుగు తట్టి, బలమంతా పెట్టి తిప్పితే నట్టు కీచుమంటూ కదిలింది. సీటు గొట్టం ఊడి చేతిలోకి వచ్చింది. ఆ గొట్టం లోపలి నుంచి మైనపుగుడ్డ చుట్టిన చిన్న కాగితం చుట్ట జారి నేల మీద పడింది.

కాగితం మీద కొత్తగా చదువు నేర్చుకున్నవాడి అక్షరాలు, ఒక్కొక్కటి వేరుశనక్కాయంత ఉన్నాయి. మంగాయమ్మ పైకి చదివింది.

'లాకు తలుపు కాడ నుంచి 912 చుట్లు. ఎడం గట్టు. ఇటిక కన్ను కింద మూడో కమాను. కాలవ కట్టినప్పుడే పోవాల. మునసబు గంట అమ్మేత్తన్నాడు. దొర వచ్చేదాకా అక్కడే ఉంటాది. పోలయ్య.'

ఏడుకొండలు మెల్లగా ఆ కాగితాన్ని తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు. "డెబ్భై అయిదేళ్ళు దీని మీద కూకునే ఊరంతా తిరిగానే, తల్లీ!" అన్నాడు.

కాలువ కట్టేయడమంటే వేసవిలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేయడం. ఆ ఏడు కట్టేసిన కాలువకి మర్నాడు సాయంత్రం అయిదింటికే మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఆ తరవాత మళ్ళీ వచ్చే వేసవే. ఎనభై నాలుగేళ్ళ మనిషికి వచ్చే వేసవి సంగతి ఎవరు హామీ ఇవ్వగలరు?

"రేపు పొద్దున్నే బయల్దేరతాను నాన్నా" అంది మంగాయమ్మ. "ఉంటే తెచ్చి నీ ముందు పెడతాను."

* * *

మర్నాడు ఉదయం ఏడింటికి లాకుల దగ్గర ముగ్గురు సైకిళ్ళతో నిలబడ్డారు. నల్ల సైకిలుతో మంగాయమ్మ. మూడు పుస్తకాలు, రెండు నీళ్ళ సీసాలు, ఒక టార్చిలైటు వేలాడేసుకున్న అవధాని మాస్టారు. ఆయన నలభై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు సెలవు రోజుల్లో జనాన్ని గట్ల వెంట సైకిళ్ళ మీద తిప్పుతూ పాత కట్టడాలు చూపిస్తుంటాడు. మూడో మనిషి జుబేదా. గాజుల పెట్టె వెనక కట్టుకుని లంకలన్నీ తిరిగి అమ్ముకునే మనిషి, మంగాయమ్మకి ప్రాణస్నేహితురాలు. పిలవకుండానే, పెట్టెకి ఒక కొడవలి దోపుకుని వచ్చేసింది.

"పామొస్తే కొట్టడానికి ఒకరుండాలి కదక్కా. మాస్టారైతే దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు" అంది.

ఏడుకొండలుని లాకు పాకలో నులకమంచం మీద కూర్చోబెట్టారు. ఇప్పటి లస్కరు ఏసుబాబు, ముప్పై ఏళ్ళవాడు, ఆయనకి టీ పోసి ఇచ్చాడు.

"నీళ్ళు అయిదింటికే కదా బాబూ?" అని మంగాయమ్మ మూడోసారి అడిగింది.

"అయిదింటికే అక్కా. ఆయ్, గట్టు మీద సైకిలు తొక్కడానికి అంత గాభరా ఎందుకండీ?" అని ఏసుబాబు నవ్వాడు. ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నదీ మంగాయమ్మ అతనికి చెప్పలేదు. ఏమీ దొరక్కపోతే ఊరంతా ఇంకోసారి నవ్వుతుందని ఆవిడ భయం.

తాతల నాటి పద్ధతిలో మంగాయమ్మ నల్ల సైకిలు ముందు చక్రం చువ్వకి ఎర్రగుడ్డ పీలిక కట్టింది. లస్కర్లు గట్టు కొలిచేది అలాగే. పీలిక ఒకసారి పైకొస్తే ఒక చుట్టు, అంటే ఏడడుగుల పైచిలుకు. లెక్క జుబేదాకి అప్పజెప్పారు. ఆవిడ ఎడమచేతికి పది గాజులు వేసుకుని, నూరు చుట్లకొకటి కుడిచేతికి మారుస్తానంది.

"ఒకటి! రెండు! మూడు!"

సైకిళ్ళు కదిలాయి. ఎంతదూరం చూసినా ఎత్తనేది లేని నేల. ఒకపక్క ఎండిన కాలువ, అడుగున నెర్రెలిచ్చిన బురద, అక్కడక్కడా గుంటల్లో మిగిలిన నీళ్ళ కోసం కొంగలు. ఇంకోపక్క కొబ్బరితోటలు. గట్టు మీద కొత్తగా వేసిన సిమెంటు సైకిలు దారి నున్నగా సాగిపోతోంది. దారిలో వలందావారి, అంటే పాతకాలపు డచ్చివాళ్ళ, సమాధులు కనబడగానే మాస్టారు అలవాటుకొద్దీ బ్రేకు వేశాడు.

"ఇదిగో అమ్మా మంగా, ఈ రాతి మీద ఓడ బొమ్మ చూశావూ? ఈ వర్తకుడు..."

"మాస్టారండీ! ఆయన మూడొందల ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నాడు, సాయంత్రానికి ఎక్కడికీ పోడు. నూట ఎనభై ఆరు! కదలండి!" అని జుబేదా కేక వేసింది.

తొమ్మిదో గాజు మారింది. మరో పన్నెండు చుట్లు తిరిగి చక్రం ఆగేసరికి, ఎదురుగా పాడుబడిన ఉప్పు కొఠారు కనిపించింది. దొరల కాలంలో ఉప్పు నిలవచేసిన గోదాము. పైకప్పు కూలి, గోడల్లోంచి రావిమొక్కలు మొలిచి ఉంది. ఇటుకలు బోలెడన్ని ఉన్నాయి. గోడకి ఒక గుండ్రటి కన్నం కూడా ఉంది.

"ఇటుక కన్ను!" మాస్టారు సైకిలు వదిలేసి పరుగెత్తాడు. "తవ్వండి! ఇక్కడే తవ్వండి!"

తవ్వారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా తవ్వారు. పెంకులు, పగిలిన సీసా, ఒక ఎలుక సంసారం తప్ప ఏమీ బయటపడలేదు. పైగా అక్కడ కమానులే లేవు. మంగాయమ్మ గోనెలో చుట్టి తెచ్చిన పలుగు పక్కన పడేసి గట్టు మీద కూలబడింది. తండ్రి నులకమంచం మీద కూర్చుని దారి వైపే చూస్తూ ఉంటాడని తలుచుకుంటే ఆవిడకి ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే సిమెంటు దారి వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఏడుపు ఆపేసింది.

"మాస్టారండీ, ఈ కాలవ ఎప్పుడూ ఇంత తిన్నగానే ఉందాండీ?"

మాస్టారు తన నెత్తిన తానే మొట్టుకున్నాడు. "అరవైల్లో వంకర తీసేసి తిన్నగా తవ్వారమ్మా! పాత కాలువ వంపు తిరిగి ఉప్పుటేటి కిందుగా పోయేది. నలభై ఏళ్ళు చరిత్ర చెప్పిన మొహం ఇది!"

"అదేనండి. తాత తొక్కింది ఆ గట్టు మీద. మనం తొక్కింది ఆయన చూడని రోడ్డు మీద. లెక్క తప్పు కాదు, దారే తప్పు."

"పాత కాలవ నాకు తెలుసక్కా" అంది జుబేదా. "నాలుగొందల ముప్పై కాడ ఎడంపక్కన మొగలి డొంక కనపడింది చూడు, అక్కడే చీలుద్ది. అటు ఎవరూ పోరు. కొత్త కాలవకి నీళ్ళొస్తే దాన్లోకీ ఎగదన్నుతాయి."

అప్పటికి పన్నెండున్నర అయింది. ముగ్గురూ వెనక్కి తిరిగి, ఊపిరి సలపకుండా తొక్కారు.

* * *

మొగలి డొంక దగ్గర నాలుగు గాజులు ఉంచుకుని లెక్క మళ్ళీ ముప్పై నుంచి మొదలైంది. ఇక్కడ సిమెంటు లేదు, మట్టి లేదు, అసలు దారే లేదు. రంపపు పళ్ళున్న మొగలాకులు చేతుల్ని గీరేస్తున్నాయి. నేలంతా తుమ్మముళ్ళు. తల ఎత్తితే రెల్లు. ఇంకెవరైనా అయితే సైకిలు అక్కడే పడేసి నడిచిపోదురు. వీళ్ళు మిగతా రెండు సైకిళ్ళు వదిలేశారు గానీ నల్ల సైకిలుని వదిలే వీలు లేదు. చక్రం నేల మీద దొర్లితేనే లెక్క. మంగాయమ్మ ఆ బరువు బండిని రెండు చేతులా పట్టుకుని తోస్తోంది, జుబేదా ముందు నడుస్తూ కొడవలితో కొడుతోంది, మాస్టారు వెనక క్యారేజి పట్టుకుని నెడుతున్నాడు.

"అయిదొందల తొంభై! అయ్ బాబోయ్, కందిరీగలు! వంగండి!"

ముగ్గురూ సైకిలుతో సహా బోర్లా పడ్డారు. కందిరీగల గుంపు ఝుమ్మని నెత్తి మీదుగా పోయింది. ఒకటి మాత్రం మాస్టారి చెవి మీద తన గుర్తు వేసి పోయింది. లేచి చూసుకుంటే వెనక చక్రం తుస్సుమంది, తుమ్మముల్లు దిగింది.

"ముందు చక్రం బాగుంది కదా! లెక్క దానిదే. పదండి!" అని మంగాయమ్మ అరిచింది. పంక్చరు వేయకుండా బండి నడపడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

ఎనిమిది వందలు దాటాక నేల కొంచెం ఎత్తయింది. ఉప్పుటేటి నీచు వాసన గాలిలో తగిలింది. తొమ్మిదో గాజు మారింది. జుబేదా గొంతు దానంతట అదే తగ్గిపోయింది. "తొమ్మిదొందల పది... పదకొండు... పన్నెండు."

ఎర్ర పీలిక పైకి వచ్చి ఆగింది. ఎదురుగా ఏమీ లేదు, గడ్డి తప్ప. మంగాయమ్మ వంగి చేతులతో గడ్డి పీకింది. గడ్డి కింద నాచు, నాచు కింద ఇటుకలు. గుండ్రంగా, నూతి ఒరలా పేర్చిన ఇటుకలు. మధ్యలో తల మాత్రం పట్టేంత చీకటి కన్నం. ఆవిడ చిన్న మట్టిబెడ్డ లోపలికి వదిలింది. కాసేపటికి కింద ఎక్కడో మూగగా 'ణంగ్' మంది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనకి కందిరీగ కుట్టిన చోటు కూడా గుర్తు లేదు.

గట్టు దిగి పాత కాలువ అడుగుకి వస్తే సొరంగం నోరు కనిపించింది. కాలువ నీరు ఏటి అడుగు నుంచి దూరి అవతల తేలడానికి కట్టిన ఇటుకల సొరంగం. నోరు సగం పూడిపోయింది. మంగాయమ్మ చేతి సంచి, ఫోను సైకిలుకే వదిలేసి, పానా మాత్రం బొడ్లో దోపుకుంది.

"అయిదింటికి ఇంకా మూడు గంటలుంది. వెళ్ళడం, చూడటం, వచ్చేయడం" అంది.

పాకుతూ లోపలికి వెళ్ళారు. నాలుగు బారలు పాకాక లేచి నిలబడేంత ఎత్తు వచ్చింది. నేల పల్లానికి దిగింది. మోకాలి లోతు బురద, గబ్బిలాల కంపు. టార్చి వెలుగులో ఇటుకల కమానులు ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. మొదటి కమాను కింద ఏదో బుస్సుమని కదిలింది. జుబేదా కొడవలి ఎత్తింది. మనిషి పొడవు ఉడుము ఒకటి విసుక్కుంటున్నట్టు వాళ్ళ పక్క నుంచే బయటికి పోయింది.

"రెండో కమాను" మాస్టారు లెక్కపెట్టాడు. "అదిగో, మూడోది!"

మూడో కమాను దగ్గర నేల మళ్ళీ ఎత్తుకి లేచింది. ఒకపక్క అరుగు, దాని మీద గూడు. పైన ఇటుక కన్ను లోంచి సన్నటి వెలుతురు నిలువుగా పడుతోంది. ఆ వెలుతురులో, కమానుకి దిగ్గొట్టిన కొక్కేనికి కంచుగొలుసుతో వేలాడుతూ ఉంది అది. తారు పూసిన గుడ్డ చుట్టి, తాళ్ళతో కట్టి ఉంది.

గంటని నేల మీద పెట్టకూడదని లస్కర్ల నియమం. దాన్ని దాచినప్పుడు కూడా పోలయ్య నేల మీద పెట్టలేదు.

మంగాయమ్మ కొడవలితో తాళ్ళు కోసింది. చివికిపోయిన గుడ్డ ఊడిపడింది. పచ్చగా చిలుమెక్కిన గంట, గుమ్మడికాయకి రెండింతలుంది. అంచున తీగల చెక్కడం. లోపల నాలుక తుప్పుపట్టి రాలిపోయింది గానీ, అది వేలాడిన కొంకికి రాగితీగతో ఒక ఇత్తడి బిళ్ళ కట్టి ఉంది. లస్కర్లు నడుముపట్టీకి పెట్టుకునే బిళ్ళ. చీరకొంగుతో రుద్దితే అంకె కనబడింది. పదిహేడు.

"మా తాత నెంబరు" అంది మంగాయమ్మ. "బిళ్ళ కూడా అమ్ముకు తాగాడని అన్నారు మాస్టారండీ. గంటకి కాపలాగా తన బిళ్ళ ఇక్కడే పెట్టి పోయాడు!" ఆవిడ ఆ గంటని రెండు చేతులా కావిలించుకుని బావురుమంది. జుబేదా వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. తను కూడా ఏడుస్తోంది, మధ్యలో ఎందుకో నవ్వుతోంది.

ఏడుపు మధ్యలోనే ఆ చప్పుడు వినిపించింది. ముందు చిన్న గలగల. తరవాత నోటి వైపు నుంచి చల్లటి గాలి వీచింది. మాస్టారు టార్చి అటు తిప్పాడు. తాము దిగివచ్చిన పల్లంలో, రెండో కమాను కింద, ఎర్రటి నీళ్ళు నురగతో తిరుగుతున్నాయి.

"నీళ్ళు వదిలేశారు!"

"అయిదింటికి కదా అన్నాడు ఏసుబాబు!"

"ఎవడికి తెలుసు! పరుగెత్తండి!"

పరుగెత్తడానికి చోటెక్కడుంది? పల్లం అప్పటికే మెడ లోతు. దాని అవతల పాకి వచ్చిన నోరు మునిగిపోయింది. మాస్టారు రెండడుగులు వేసి జారాడు, ఫోను నీళ్ళపాలైంది. జుబేదా ఆయన చొక్కా పట్టి ఒక్క గుంజు గుంజి అరుగు మీదికి లాగింది. అవతలి వైపు చూస్తే ఇటుకలు కూలి మూసుకుపోయింది. పైన కన్నం ఉంది గానీ అందులో తల తప్ప భుజాలు పట్టవు. నీళ్ళు అరుగు అంచుని తాకాయి. పాదాలు తడిశాయి. అంతలోనే చీలమండలు మునిగాయి.

"యా అల్లా, నా పెట్టెలో కొత్త గాజులున్నాయి" అంది జుబేదా సన్నగా.

మంగాయమ్మ గంట వైపు చూసింది. నాన్న చిన్నప్పటి నుంచి కథలా చెప్పిన మాట చెవిలో పలికింది. ఒకటి కొడితే నీళ్ళొస్తున్నాయని. మూడు కొడితే?

బొడ్లోంచి పానా లాగింది. చిలుము లేచిపోయేలా అంచు మీద కొట్టింది.

ఒకటి. సొరంగమంతా దద్దరిల్లింది, గబ్బిలాలు పిచ్చిగా లేచాయి. రెండు. మూడు. ఆగింది. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. ఆ మోత ఇటుక కన్ను లోంచి పైకి చిమ్మి, అడ్డం ఒక్క గుట్ట కూడా లేని ఆ నేల మీద, సముద్రపు గాలి వెంట లాకుల వైపు సాగిపోయింది.

"కొట్టమ్మా! ఆపకు!" మాస్టారు అరిచాడు.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. నడుము తాకాయి. మంగాయమ్మ చేతులు తిమ్మిరెక్కాయి. జుబేదా పానా లాక్కుని కొట్టింది. ఆవిడ గాజులు చిట్లి నీళ్ళలో పడ్డాయి. తరవాత మాస్టారు, మళ్ళీ మంగాయమ్మ. మూడేసి, మూడేసి. ఎంతసేపో ఎవరికీ తెలియదు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి.

అక్కడే ఆగాయి.

ముందు జుబేదా గమనించింది. గోడ మీద ఒక తెల్ల ఇటుక అంచునే చూస్తూ ఉంది కాబట్టి. "అక్కా, పెరగట్లేదు." కాసేపాగి, "అక్కా, తగ్గుతున్నాయి!"

* * *

లాకుల దగ్గర జరిగింది తరవాత ఏసుబాబు చెప్పాడు. ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంటాడు.

"నారుమళ్ళకి అర్జంటని ఒంటిగంటన్నరకి పైనుంచి ఫోనొచ్చిందండి, షట్టర్లెత్తేశాను. 'మా అమ్మాయి రాలేదురా, కాలవలో దిగిందేమోరా' అని తాత గోల. ఫోను చేత్తే ఎత్తట్లేదండి. 'గట్టు మీదే కదా ఉన్నారు తాతా' అన్నాను. ఆయ్, ఇంతలో దూరంగా గంట. నేను గుడిదేమో అనుకున్నాను. తాత మంచం మీద నుంచి లేచాడండి. చేతికర్ర కూడా పట్టుకోలేదు! 'మూడు! మూడు కొడుతున్నారు! దించరా షట్టరు!' అని పరిగెత్తుకొచ్చి చక్రం ఆయనే తిప్పేత్తన్నాడు. ఎనభై నాలుగేళ్ళండి! నన్ను కూడా తిట్టాడు, ఆ తిట్లు మాత్రం నేను చెప్పను."

షట్టర్లు దించాక ఏసుబాబు కేకలేసుకుంటూ ఊరిని లేపాడు. గంట మోత పట్టుకుని జనం మొగలి డొంకలోకి దూసుకొచ్చారు. వంపులో నీళ్ళు వెనక్కి జారగానే మోకులు విసిరి ముగ్గురినీ బయటికి లాగారు. తరవాత గొలుసుకి మోకు కట్టి, పదిమంది లాగితే, గంట బురదలో జారుతూ డెబ్భై అయిదేళ్ళ తరవాత ఎండ చూసింది. లాగినవాళ్ళలో 'గంటదొంగోళ్ళు' అని పిలిచినవాళ్ళే ఎక్కువ. మోకు అందరికంటే గట్టిగా లాగిందీ వాళ్ళే.

గంటని ఒక వాసానికి వేలాడదీసి, నేలకి తగలకుండా భుజాల మీద లాకుల దాకా మోసుకొచ్చారు. అలాగే మోయాలని మంగాయమ్మ పట్టుబట్టింది. ఏడుకొండలు పాక ముందు నిలబడి ఉన్నాడు. నిలువెల్లా బురదతో వచ్చిన కూతుర్ని ముందు ఒళ్ళంతా తడిమి చూసుకున్నాడు. గంట వైపు ఆ తరవాతే చూశాడు. మంగాయమ్మ ఇత్తడి బిళ్ళ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేలితో అంకె మీద రాసి రాసి చూశాడు.

"పదిహేడు" అన్నాడు. "నాన్న నన్నెత్తుకుంటే ఇది నా పొట్టకి చల్లగా తగిలేదమ్మా."

జనం మధ్యలోంచి ఒక పెద్దావిడ, వయసులో ఏడుకొండలుకి సమానం, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయిపోయింది ఏడుకొండలూ. మా నాన్న అన్నాడని మేమూ అన్నాం" అంది. ఆవిడ మునసబు కూతురు. ఏడుకొండలు ఆవిడ వైపు చూసి, "రా, నీడకి రా. ఎండగా ఉంది" అన్నాడు.

గంటని పాక దూలానికి కట్టారు. ఎవరో కుర్రాళ్ళు, "కొట్టు తాతా! వంద కొట్టు! ఊరంతా వినాలి!" అని ఈలలేశారు.

ఏడుకొండలు తల అడ్డంగా ఊపాడు. "వంద కొట్టడానికి ఇదేవన్నా ఆటవస్తువా? లెక్కుంది దీనికి." ఏసుబాబు వైపు తిరిగాడు. "నారుమళ్ళు ఎండిపోతున్నాయన్నావు కదరా. కాలవలో ఇంకెవరైనా ఉన్నారా?"

ఏసుబాబు గట్టెక్కి అటూ ఇటూ చూశాడు. "ఎవరూ లేరు తాతా."

ఏడుకొండలు కూతురి చేతిలోంచి పానా తీసుకున్నాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ మోత కొబ్బరితోటల మీదుగా పోయి పోయి, ఆగిపోయేదాకా ఎవరూ కదల్లేదు. ఆగాక, "ఇప్పుడెత్తు" అన్నాడు. షట్టర్లు లేచాయి. పొన్నరేవు కాలువలోకి నీళ్ళు వచ్చాయి.

మర్నాడు మంగాయమ్మ నల్ల సైకిలు వెనక చక్రానికి పంక్చరు వేసింది, నిన్నటికి వదులుగా పెట్టిన సీటు గొట్టం తీసి తుడిచి ఈసారి గట్టిగా బిగించింది. ఆ నట్టు చివరి చుట్టు ఏడుకొండలే తిప్పాడు. తిప్పి, కూతుర్ని అడిగాడు.

"మంగా, టౌనుకెళ్ళినప్పుడు ఒక బెల్లు తేమ్మా, దీనికి. మంచి మోత ఉండేది చూసి తే."

మంగాయమ్మ డజను తెచ్చింది.